బాల్కనీ టిక్కెట్టుకు కిందివాళ్లు కనపడరు!

దుమ్ము రేపుకుంటూ వరసగా నాలుగు బండ్లు వస్తాయి. బ్రేకు పడుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ముందు బూటు నేలమీద ఆనుతుంది. ఆ తర్వాత హీరోగారి మొహం! హాల్లో ఈలలు, కాగితం ముక్కలు! ఈ షాటు చూడని తెలుగు ప్రేక్షకుడు వున్నాడంటే నేను నమ్మను. మీరూ నమ్మరు.

అదే హీరోగారు ఓ బుల్లి కారులోంచి మోకాళ్లు మడిచి, నడుం వంచి, తల తప్పించుకుంటూ దిగారనుకోండి... ఈల వేద్దామని నోట్లో పెట్టుకున్న వేళ్లు అక్కడే ఆగిపోతాయి! అందుకే మన సినిమాల్లో బుల్లికారు హాస్యనటుడి వాటాకీ, ఎత్తుబండి హీరో, విలన్ల వాటాకీ పోతుంటుంది.

ఈ ముచ్చట ఎందుకెత్తానంటే, తణుకు నుంచి ఓ యువ పాఠకుడు రాసిన ఉత్తరం నా ముందుంది. సారాంశం ఇదీ:

"మా ఇంట్లో మొదటిసారిగా కారు కొంటున్నాం. నాకు ఎస్.యు.వి. మీద మనసుంది. ఎత్తుగా కూర్చుంటే రోడ్డంతా కనిపిస్తుందనీ, నడపడం సుఖమనీ స్నేహితులు చెబుతున్నారు. నాన్నగారేమో చిన్న కారు చాలంటున్నారు. అక్కావాళ్లు కూడా మాతోనే వుంటారు. మేనకోడలికి రెండేళ్లు. బండి చప్పుడు వినపడితే చాలు, వాకిట్లోకి పరుగెత్తుకొచ్చేస్తుంది. దానిక్కూడా పెద్ద బండే ఇష్టం! తీర్పు మీరే చెప్పాలి."

తీర్పు చెప్పడానికి నేనేమీ సినిమా క్లైమాక్సులో జడ్జిని కాను. కానీ ఈ ప్రశ్న ఒక్క తణుకుదే కాదు. దేశంలో 2024-25 ఆర్థిక సంవత్సరంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో సుమారు 65 శాతం ఈ యుటిలిటీ జాతివే. అంటే కొత్త బండి కొన్న ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఇటే మొగ్గుతున్నారన్నమాట. కాబట్టి కాస్త నింపాదిగా మాట్లాడుకుందాం.

★ ★ ★

ముందు ఫ్లాష్‌బ్యాక్!

అంబాసిడరు రోజులు మీలో చాలామందికి తెలియవు. 2014లో దాని తయారీ ఆగిపోయింది. దాంట్లో సోఫాలో కూర్చున్నట్టు కూర్చునేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడున్నర మీటర్ల పొడవు కూడా లేని బండి. సన్నటి స్తంభాలు, చుట్టూ పెద్ద అద్దాలు, పొట్టి ముక్కు. నేలకు దగ్గరగా కూర్చునే మాట నిజమేగానీ, బండి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్తగా నేర్చుకునేవాడికి కూడా తెలిసిపోయేది. దాని కథ కూడా 2014లోనే ముగిసింది.

ఆ మధ్యలో, 1994లో, టాటావారి సుమో దిగింది. ఆ పేరు జపాను కుస్తీది అనుకుంటారు చాలామంది. కాదు సుమండీ! ఆ సంస్థకు అధిపతిగా పనిచేసిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని మొదటి అక్షరాలూ, ఇంటిపేరులోని మొదటి అక్షరాలూ కలిపితే వచ్చిన పేరది. 1999లో "సమరసింహారెడ్డి" వచ్చాక ఫ్యాక్షన్ కథల వరస మొదలైంది. సుమోలకు గిరాకీ తెరమీద కూడా పెరిగింది. 2002లో "ఆది" వచ్చేసరికి సుమోలు రోడ్డు వదిలేసి గాల్లోకే లేచాయి! అప్పట్నుంచీ ఎత్తుబండి అంటే అధికారం, ఎత్తుబండి అంటే ధీమా అని మన బుర్రల్లో ముద్ర పడిపోయింది.

ఒక్క రహస్యం చెబుతాను. తెరమీద ఆ బండి అంత భారీగా కనపడటానికి కారణం బండి ఒక్కటే కాదు. కెమెరాను నేలకు ఆనించి, కింది నుంచి పైకి చూపిస్తారు. దాన్నే లో యాంగిల్ అంటారు. ఆ కోణంలో తీస్తే రోడ్డు రోలరు కూడా హీరోలాగే వుంటుంది! మనం ఆ బండిని కింది నుంచి చూసి ముచ్చటపడతాం. కానీ నడిపేవాడు చూసేది పైనుంచి కిందికి. ఆ కోణంలో ఏం కనపడుతుంది, ఏం కనపడదు... అసలు కథ అక్కడుంది.

★ ★ ★

సినిమా హాలు సంగతే తీసుకోండి. నేల టిక్కెట్టుకు వెళ్లారు. తెర పక్కనే. మెడ పైకెత్తి చూడాలి. ముందువాడి తల అడ్డం. అయితే మీ పక్కన ఎవరున్నారో, మీ కాళ్ల దగ్గర పల్లీల పొట్లం ఎవరు పారేశారో అన్నీ కనపడతాయి. బాల్కనీ టిక్కెట్టుకు వెళ్లారు. తెర అంతా దర్జాగా కనపడుతుంది. ఎవరి తలా అడ్డం రాదు. కానీ సరిగ్గా బాల్కనీ గోడ కింద ఎవరు కూర్చున్నారో చెప్పండి చూద్దాం? చెప్పలేరు. మీ ముందున్న ఆ పిట్టగోడే అడ్డం!

ఎస్.యు.వి. అంటే బాల్కనీ. చిన్న కారు అంటే నేల.

బాల్కనీ సుఖాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఎత్తుగా కూర్చున్న డ్రైవరుకి ముందు పోతున్న రెండు, మూడు కార్ల అవతల ఏం జరుగుతోందో తెలుస్తుంది. నాలుగో బండి బ్రేకు లైటు వెలిగితే వీడు అప్పుడే కాలు తీస్తాడు. హైవేమీద గేదెలు అడ్డమొస్తున్నాయా, ధాన్యం ఆరబోశారా, అవతల డివైడరు తెగి వుందా... కాస్త ముందుగానే కళ్లబడతాయి. వానాకాలం నీళ్లు నిలిచిన చోటా, గోతుల రోడ్డుమీదా, మన ఊళ్లలో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్న స్పీడు బ్రేకర్లమీదా బండి అడుగు తగులుతుందన్న బెంగ తగ్గుతుంది. బెంగ తగ్గడం కూడా సుఖమే కదా!

ఎక్కడం, దిగడం విషయంలోనూ అంతే. చిన్న కారులో కిందికి జారి కూర్చోవాలి, పైకి లేచి బయటపడాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు అది శిక్ష. సీటు మన తుంటి ఎత్తులో వుంటే పక్కకు తిరిగి కూర్చోవడమే, కాళ్లు లోపల పెట్టుకోవడమే. కానీ మరీ పెద్ద ఎస్.యు.వి. అయితే మళ్లీ కథ మొదటికొస్తుంది. మెట్టెక్కి, పిడి పట్టుకుని పాకాలి. చీర కట్టుకున్న పెద్దావిడకు అదీ శిక్షే! అంటే సుఖం ఎత్తులో లేదు. మన తుంటికి సరిపోయే ఎత్తులో వుంది.

★ ★ ★

ఇక ప్రయాణంలో సుఖం.

ఎత్తుబండికి బరువు పైన వుంటుంది. మలుపులో పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడు తగ్గించాలని స్ప్రింగులూ, అవీ కాస్త గట్టిగా బిగిస్తారు. దాంతో గతుకుల రోడ్డుమీద తల అటూ ఇటూ ఊగుతుంది. ఎంత ఎత్తున కూర్చుంటే ఊగడం అంత ఎక్కువ. తాటిచెట్టు మొదలు కదలకపోయినా మట్ట ఊగినట్టన్నమాట! అరకు ఘాట్ రోడ్డుమీద వెనక సీటులో పిల్లలు నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటారే, అది ఊరికే కాదు. స్టీరింగు పట్టుకున్నవాడికి మలుపు ముందే తెలుసు. వెనక కూర్చున్నవాళ్లకు తెలియదు. అందుకే కడుపులో తిప్పడం వాళ్లకే ఎక్కువ.

చిన్న కారు నేలకు దగ్గరగా వుంటుంది. మలుపులో చెప్పిన మాట వింటుంది. సందుల్లో తిరుగుతుంది. బజారులో చోటు దొరికితే ఒదిగిపోతుంది. ఊళ్లో రోజూ తిరిగేవాడికి సాయంత్రానికి భుజాలు నొప్పెట్టకుండా వుండటం కూడా సుఖం కిందే లెక్క. అయితే హైవేమీద పెద్ద లారీ పక్కనుంచి పోతే చిన్న కారు ఉలిక్కిపడుతుంది. రాత్రిపూట ఎదురొచ్చే ఎత్తుబండి దీపాలు సరాసరి మీ కళ్లల్లోకే కొడతాయి. గంటలకొద్దీ ప్రయాణమైతే ఇది బాగా అలసట.

ఇంకొక చిత్రమైన సంగతి వుంది. ఎత్తున కూర్చున్నవాడికి వేగం తెలియదు! విమానం కిటికీలోంచి చూస్తే నేల మెల్లగా జరుగుతున్నట్టు వుంటుంది చూశారా, ఆ సూత్రమే. నేలకు దగ్గరగా వున్నవాడికి రోడ్డు సర్రున పరుగెడుతుంది. ఎత్తున వున్నవాడికి అదే వేగంలో రోడ్డు తాపీగా కదులుతుంది. కెనడాలో డ్రైవింగు సిమ్యులేటరు మీద దీన్ని పరీక్షించారు. స్పీడోమీటరు చూపించకుండా నడపమన్నారు. ఎత్తైన చోటునుంచి చూసినట్టు దృశ్యం వేస్తే జనం ఎక్కువ వేగంతో నడిపారు. ఎవరూ కావాలని తొక్కలేదు. కళ్లే మోసం చేశాయి. "బండి ఎంత సుఖంగా పోతోందో!" అనుకుంటున్నప్పుడే ముల్లు ఎక్కడుందో ఓసారి చూసుకోవడం మంచిది.

★ ★ ★

ఇప్పుడు తణుకు ఉత్తరంలోని ఒక వాక్యం దగ్గరకు వస్తాను. ఆయన దాన్ని ముచ్చటగా రాశాడు. నాకు మాత్రం అదే ముఖ్యంగా కనిపించింది. మేనకోడలికి రెండేళ్లు. బండి చప్పుడు వినపడితే వాకిట్లోకి పరుగెత్తుకొస్తుంది.

ఓ కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్కంటే భయపడకండి, ఇంటర్వెల్లు లోపే అయిపోతుంది. పెద్ద ఎస్.యు.వి.లో కూర్చున్న డ్రైవరు కన్ను నేలనుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున వుందనుకోండి. బానెట్టు ముందు అంచు ఎత్తు 110 సెంటీమీటర్లు. కంటినుంచి ఆ అంచుకు దూరం 170. ఇవి ఏ ఒక్క కంపెనీ కొలతలూ కావు, లెక్క కోసం తీసుకున్నవి. చూపు కంటినుంచి బయల్దేరి బానెట్టు అంచును రాసుకుంటూ కిందికి దిగుతుంది. 170 సెంటీమీటర్ల దూరానికి 40 సెంటీమీటర్లు దిగింది. అదే వాలులో నేలను తాకాలంటే ఇంకా సుమారు 4 మీటర్ల 65 సెంటీమీటర్లు ముందుకు పోవాలి. అంటే బండి మూతినుంచి నాలుగున్నర మీటర్లు దాటేదాకా నేల కనపడదు!

ఇప్పుడు చిన్న కారు. కన్ను ఎత్తు 115. బానెట్టు అంచు 80. దూరం 150. ఇక్కడ నేల సుమారు 3 మీటర్ల 40 సెంటీమీటర్ల దగ్గర కనపడుతుంది. చూశారా తమాషా! కన్ను 35 సెంటీమీటర్లు పైకెక్కింది, అయినా దగ్గరి చూపు తగ్గింది. ఎందుకంటే బానెట్టు కూడా దాంతోపాటే పైకెక్కి కూర్చుంది, పొడవు కూడా పెరిగింది. సీటు ఇచ్చిన ఎత్తును బానెట్టు మింగేసింది.

రెండేళ్ల పాప ఎత్తు సుమారు 85 సెంటీమీటర్లు వుంటుంది. చిన్న కారు మూతి పక్కనే నిలబడ్డా ఆ పాప జుట్టు, నడినెత్తి అయినా అంచుమీదుగా కనపడతాయి. పెద్ద బండి ముందు, మూతినుంచి మీటరు దూరం వరకూ పాప ఎక్కడ నిలబడ్డా ఒక్క వెంట్రుక కనపడదు. ఆ పాప పడిపోయిన బొమ్మకోసం కూర్చుందనుకోండి, ఎత్తు 60 సెంటీమీటర్లే. అప్పుడు చిన్న కారులోనూ మూతినుంచి 85 సెంటీమీటర్ల వరకూ కనపడదు. పెద్ద బండిలో రెండు మీటర్లు దాటాలి. కాబట్టి చిన్న కారు కొన్నంత మాత్రాన గండం గట్టెక్కినట్టు కాదు. అయితే గండం సగానికి సగం తగ్గింది.

ఇది నా పెన్సిలు లెక్క ఒక్కటే కాదు. అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ అనే సంస్థ వుంది. బండికి ముందున్న పది మీటర్ల మేరలో డ్రైవరుకు ఎంత నేల కనపడుతుందో కెమెరా పెట్టి కొలిచి 2025లో ఫలితాలు చెప్పింది. హోండావారి సి.ఆర్.వి. అనే ఎస్.యు.వి. 1997 మోడల్లో 68 శాతం కనపడేది. 2022 మోడల్లో 28 శాతం! అదే కంపెనీ అకార్డ్ అనే మామూలు కారు 2003లో 65 శాతం వుంటే 2023లో 60. కారు పెద్దగా మారలేదు. ఎస్.యు.వి. మాత్రం పెద్దదవుతూ, బలిసిపోతూ కళ్లు మూసుకుంది.

అదే సంస్థ 2023లో ఇంకో సంగతి చెప్పింది. పాదచారులు దెబ్బతిన్న దాదాపు 18 వేల ప్రమాదాలను తిరగేశారు. బానెట్టు అంచు 40 అంగుళాలకంటే ఎత్తున్న బండ్లు, 30 అంగుళాలలోపు వుండి ముక్కు వాలుగా వున్న బండ్లకంటే సుమారు 45 శాతం ఎక్కువగా ప్రాణాలు తీస్తున్నాయట. చిన్న కారు కాళ్లకు తగిలితే మనిషి బానెట్టు మీదికి పడతాడు. ఎత్తుబండి గుండెకో, తలకో తగిలి ముందుకు పడేస్తుంది. తేడా అదీ.

★ ★ ★

ముందు సంగతి ఇదయితే వెనక సంగతి ఇంకా కష్టం. 2002లో న్యూయార్కు దగ్గర ఒక తండ్రి తన ఎస్.యు.వి.ని రాత్రిపూట ఇంటి ముందు వెనక్కి తీస్తున్నాడు. అద్దాలన్నీ చూసుకున్నాడు. రెండేళ్ల కొడుకు ఆయన వెనకే బయటకు వచ్చాడని ఆయనకు తెలియదు. ఆ తండ్రి స్వయంగా పిల్లల డాక్టరు. ఆ తర్వాత ఆయనా, ఆయనలాంటి తల్లిదండ్రులూ ఏళ్ల తరబడి తిరిగారు. 2008లో ఆ పిల్లవాడి పేరుమీదే చట్టం వచ్చింది. 2018 మే నాటికి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ వెనక కెమెరా తప్పనిసరి అయింది. పదేళ్లు పట్టింది!

మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకు వెనక సెన్సారు తప్పనిసరి చేశారు. బీప్ బీప్ మని అరుస్తుందే, అదే. మంచిదే. అయితే సెన్సారు వెనకవైపు సంగతే చెబుతుంది. ముందు మూతి దగ్గర నిలబడ్డ పాప గురించి చాలా బండ్లలో చెప్పే నాథుడు లేడు. పైగా బీప్ వినపడేలోపు పాట వినపడుతుంటుంది, ఫుల్ సౌండులో!

★ ★ ★

పక్క చూపు కూడా చూసి వచ్చేద్దాం. ముందు అద్దానికి అటూ ఇటూ నిలబడి పైకప్పును మోసే స్తంభాలున్నాయి. బండి బోల్తా పడినా కప్పు కుంగకూడదని ఈనాటి బండ్లలో వాటిని లావు చేశారు. లోపల కూర్చున్నవాడికి అది రక్ష. బయట వున్నవాడికి అదే తెర. ఒక కన్ను మూసి, తెరిచిన కంటి దగ్గర బొటనవేలు పెట్టి చూడండి. ఎదురుగోడ మీది వాల్‌పోస్టరు మొత్తం మాయం! అలాగే ఆ స్తంభం వెనక ఒక మోటారు సైకిలు, దానిమీద ఇద్దరు మనుషులు హాయిగా ఇమిడిపోతారు. మీ బండి మలుపు తిరుగుతూ, వాడి బండి కదులుతూ వుంటే, వాడు ఆ స్తంభం చాటునే మీతోపాటు ప్రయాణం చేస్తాడు. చివరి క్షణంలో ప్రత్యక్షమవుతాడు.

అమెరికాలో మలుపుల దగ్గరి ప్రమాదాలు లెక్కతీస్తే, ఎడమవైపు తిరిగేటప్పుడు ఎస్.యు.వి.లు పాదచారిని కొట్టే అవకాశం మామూలు కార్లకంటే రెట్టింపు దగ్గరగా తేలింది. వాళ్ల ఎడమ మలుపంటే మనకు కుడి మలుపు. ఎదురు రోడ్డును దాటి తిరిగేది.

మన రోడ్ల లెక్క కూడా చూడండి. 2022లో దేశం మొత్తంమీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్లలో ద్విచక్ర వాహనాలమీద వున్నవాళ్లు 44.5 శాతం. నడిచి వెళ్లేవాళ్లు 19.5 శాతం. రెండూ కలిపితే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి కొంచెం తక్కువ. వీళ్లెవరూ బాల్కనీ జనం కారు. నేల టిక్కెట్టు జనం. ఆ సినిమా చూసి బండిమీద ఇంటికి పోయే మనమే.

★ ★ ★

"అందరూ ఎత్తుబండ్లే కొంటున్నారు, మనమొక్కళ్లం కింద కూర్చుంటే ఏం కనపడుతుంది?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికీ హాల్లోనే జవాబుంది. కొత్త సినిమా మొదటి ఆట. ముందు వరసవాడు ఉత్సాహం పట్టలేక లేచి నిలబడతాడు. వెనకవాడికి అడ్డం. వాడూ లేస్తాడు. కాసేపటికి హాలు మొత్తం నిలబడే వుంటుంది. ఎవరికీ ఇంతకు ముందుకంటే బాగా కనపడటం లేదు, కాళ్లు మాత్రం అందరికీ నొప్పి! ఎత్తుబండి వెనక వెళ్లే చిన్న కారువాడికి దాని వెనక అద్దమూ, స్టిక్కరూ తప్ప ఇంకేమీ కనపడదు. రేపు వాడూ ఎత్తుబండే కొంటాడు. ఎల్లుండి అంతకంటే ఎత్తు! అలా లేచి నిలబడలేనివాళ్లు ఇద్దరే. ఒకరు స్కూటరు మీది మనిషి. రెండోవారు పిల్లలు.

★ ★ ★

ఇంతకీ ఏం కొనాలి?

ఎస్.యు.వి. అన్న పేరు చూసి మోసపోవద్దు, భయపడవద్దు కూడా. నాలుగు మీటర్లలోపు పొడవున్న బండికి పన్ను రాయితీ 2006 బడ్జెట్టు నుంచీ వుంది. అందుకే చాలా ఎస్.యు.వి.లు నిజానికి చిన్న కారు పునాదిమీద కట్టిన మేడలు. మారుతివారి ఫ్రాంక్స్ వాళ్ల బాలెనో పునాదిమీద వచ్చిందే. దాని మొత్తం ఎత్తు 1550 మిల్లీమీటర్లు. పక్కనే వుండే వాగన్ ఆర్ ఎత్తు 1675! అంటే చిన్న కారు అని చప్పరించేసే బండి, ఎస్.యు.వి. అని పేరున్న బండికంటే ఎత్తు! పైగా ముక్కు పొట్టి. సీటు ఎత్తుగా, ముక్కు పొట్టిగా వుండే పద్ధతి మనకు 1998లో శాంత్రో వచ్చినప్పట్నుంచీ తెలిసిందే. మోకాళ్లకు సుఖం, దూరం చూపు కొంత, దగ్గర చూపు పదిలం. హీరో ఎంట్రీకి పనికిరాకపోవచ్చు. ఇంటికి పనికొస్తుంది.

ఏ బండి కొన్నా సరే, షోరూములో ఈ పరీక్షలు చేయండి. సేల్సు కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.

ఒకటి. డ్రైవరు సీట్లో కూర్చుని, మీకు ఎత్తు సరిపడేలా సీటు సర్దుకోండి. మా లెక్కలోని పెద్ద బండిలో సీటు 5 సెంటీమీటర్లు పైకి లేపితే అరమీటరు నేల అదనంగా కనపడుతుంది. సీటు ఎత్తు మార్చుకునే మీట వున్న మోడలే తీసుకోండి. సన్‌రూఫ్ డబ్బు మిగిలించి దీనికి పెట్టండి!

రెండు. ఇంట్లో మీ పాప ఎత్తు ఎంతో కొలుచుకుని వెళ్లండి. అంత ఎత్తున్న అట్టపెట్టె ఒకటి బండి మూతి ముందు పెట్టించండి. కనపడేదాకా వెనక్కి జరిపించండి. ఎన్ని అడుగుల దగ్గర కనపడిందో కాగితం మీద రాసుకోండి. మైలేజీ రాసుకుంటాం, ఇది రాసుకోలేమా?

మూడు. నడిపే ప్రతివాళ్లూ కూర్చుని చూడాలి. మీరు ఆరడుగులు వుండొచ్చు. మీ అక్కయ్య అయిదడుగులే అయితే ఆవిడకు బానెట్టు తప్ప ఇంకేమీ కనపడకపోవచ్చు.

నాలుగు. వెనక సీటులో నాన్నగారిని కూర్చోబెట్టి గతుకుల రోడ్డుమీద ఓ రౌండు తిప్పండి. నున్నటి రోడ్డుమీద అన్ని బండ్లూ హంసతూలికలే.

బండి ఇంటికొచ్చాక పక్క అద్దాల్లో మీ బండి తలుపు కనపడీ కనపడనట్టుండేలా సర్దుకోండి. మనలో చాలామంది సొంత బండి అందం చూసుకోవడానికే అద్దాలు పెట్టుకుంటారు! డాష్‌బోర్డు మీద బొమ్మలూ, సెల్‌ఫోను స్టాండూ చూపుకు అడ్డం రాకుండా చూడండి. దేవుడి బొమ్మ కూడా చిన్నదే పెట్టండి, ఆయన ఏమీ అనుకోడు. హీరోల బండ్లకున్నట్టు నల్లటి అద్దాలు కావాలనుకుంటారేమో... ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని నిబంధన. పోలీసు సంగతి అటుంచండి, రాత్రిపూట వాకిట్లో పాప కనపడాలా, వద్దా?

కుడివైపు మలుపు తిరిగేటప్పుడు ఆ స్తంభం అవతల ఎవరున్నారో, తల కాస్త ముందుకూ వెనక్కూ వంచి చూసుకోండి. అర సెకను పని.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. తాళం తిప్పే ముందు బండి చుట్టూ ఒక్కసారి నడవండి. అంతే! పది అడుగులు అటు, పది అడుగులు ఇటు. పిల్లలున్న ఇంట్లో బండి కదిలే ముందు పాప ఎవరి చంకలో వుందో గట్టిగా అడగండి. "నా దగ్గరుంది" అని ఒక గొంతు వినపడాలి. అప్పుడే గేరు. కెమెరా వున్నా అడగండి, సెన్సారు వున్నా అడగండి. చిన్న కారయినా అడగండి.

★ ★ ★

తణుకు మిత్రుడికి నా సలహా ఒకటే. హైవేమీద తరచూ దూరప్రయాణాలు, ఇంట్లో ఆరేడుగురు, గోతుల రోడ్డు వుంటే ఎస్.యు.వి. తీసుకోండి, తప్పులేదు. కానీ బానెట్టు పొట్టిగా, వాలుగా వున్నది చూసి తీసుకోండి. ఊళ్లోనే తిరుగుడు, అప్పుడప్పుడు విజయవాడ, రాజమండ్రి అయితే నాన్నగారి మాటలో న్యాయం వుంది. పొట్టి ముక్కు, ఎత్తు సీటు వున్న చిన్న కారు చూడండి. నాన్నగారి మోకాళ్లూ సంతోషిస్తాయి. ఏది కొన్నా పాప ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోకండి, పాప ఎత్తును తీసుకోండి.

ఈలలు వేయించుకోవడం హీరోల పని. వాళ్ల బండి ముందు పిల్లలు లేకుండా చూడటానికి అసిస్టెంటు డైరెక్టర్లు పదిమంది వుంటారు. మన వాకిట్లో ఆ పని చేయడానికి మనమే వున్నాం.

కారు కొన్నాక స్వీట్లు పంపడం మరచిపోవద్దు. వచ్చేవారం మళ్లీ కలుద్దాం. అంతవరకూ... చూసి నడపండి!